స్ప్రింక్లర్ లెక్కల్లో ఫిట్టింగుల ఘర్షణ నష్టం

స్ప్రింక్లర్ పైపుల్లో నీరు ఎల్బో దగ్గర తిరిగినప్పుడు, టీ దగ్గర పక్కకు మళ్లినప్పుడు, వాల్వు గుండా పోయినప్పుడు కోల్పోయే పీడనాన్ని ఫిట్టింగుల ఘర్షణ నష్టం అంటారు. తిన్నని పైపులో గోడల రాపిడికి పోయే పీడనానికి ఇది అదనం. ఊరికి మంచినీళ్లు తెచ్చే కిలోమీటర్ల పొడవు పైపులైనులో దీన్ని వదిలేసినా పెద్ద తేడా రాదు. హైడ్రాలిక్స్ పాఠ్యపుస్తకాలు దీన్ని స్వల్ప నష్టాల కింద చేర్చడానికి కారణం అదే. భవనంలోని స్ప్రింక్లర్ పైపు సంగతి వేరు. అందులో మూడేసి మీటర్లకు ఒక టీ ఉంటుంది, దూలం అడ్డొచ్చిన చోట రెండు ఎల్బోలు పడతాయి, ఫాల్స్ సీలింగులోకి దిగే ప్రతి డ్రాపుకూ మళ్లీ ఒకటో రెండో వంపులు తప్పవు. కొన్ని ముక్కల్లో పైపు కన్నా ఫిట్టింగులే ఎక్కువ పీడనాన్ని మింగేస్తాయి.

ఈ నష్టాన్ని లెక్కలోకి తేవడానికి స్ప్రింక్లర్ రంగం ఎంచుకున్న దారి తుల్య పొడవు. ఒక ఎల్బో ఎంత పీడనం తింటుందో, అదే వ్యాసం గల తిన్నని పైపు ఎన్ని మీటర్లు ఉంటే అంత తింటుందో చూసి, ఆ పొడవును అసలు పైపు పొడవుకు కలిపేస్తారు. కలిపాక ఆ ముక్కను మొత్తం పైపుగానే చూస్తారు. ఇది నిజంలో లేని పైపే అయినా లెక్కకు బాగా పనికొస్తుంది. అయితే దీని వెనక ఫలానా మందం, ఫలానా గరుకుదనం ఉన్న పైపు అనే షరతులు ఉన్నాయి. పట్టిక చూసి అంకె తీసుకునేవారికి ఈ షరతులు వెంటనే కనిపించవు.

వంపులో జరిగేది

ఎల్బోలోకి దూసుకొచ్చిన నీరు వెంటనే మలుపు తిరగలేదు. బయటి వంపు వైపు ఒత్తుకుంటుంది, లోపలి మూల దగ్గర గోడను విడిచిపెడుతుంది. విడిచిన చోట సుడులు పుడతాయి. ప్రవాహం మధ్యలో వేగంగా ఉన్న నీరు బయటికి, గోడ వెంట నెమ్మదిగా ఉన్న నీరు లోపలికి జరగడంతో పైపు అడ్డకోతలో రెండు ఎదురెదురు చక్రాలు తిరుగుతాయి. వీటికి ఖర్చయ్యే శక్తి మళ్లీ పీడనంగా తిరిగి రాదు, చివరికి వేడిగా పోతుంది. ఎల్బో దాటాక కూడా ప్రవాహం మళ్లీ సర్దుకోవడానికి పైపు వ్యాసానికి పదుల రెట్ల దూరం పడుతుంది. అంటే ఎల్బో పేరు మీద రాసే నష్టంలో కొంత భాగం నిజానికి దాని తర్వాతి పైపులో జరుగుతుంది. రెండు ఎల్బోలను పక్కపక్కనే బిగిస్తే వాటి నష్టం రెండింటి మొత్తానికి కచ్చితంగా సమానం కాదు. అయినా పట్టిక రెండింటినీ విడివిడిగానే కూడుతుంది. సాధారణంగా ఈ తేడా సురక్షితమైన వైపే ఉంటుంది గనక ఎవరూ దీన్ని పట్టించుకోరు.

టీలో పరిస్థితి ఇంకా గట్టిది. తిన్నగా సాగిపోయే నీటికి టీ దాదాపు పైపులాంటిదే. పక్క కొమ్మలోకి తిరిగే నీటికి మాత్రం అది వంకర లేని పదునైన మూల. అందుకే పట్టికలో టీ తుల్య పొడవు ఎల్బోకు దాదాపు రెట్టింపు ఉంటుంది.

లెక్కలేని కాలం నుంచి

మొదట్లో స్ప్రింక్లర్ పైపులకు హైడ్రాలిక్ లెక్కే లేదు. అమెరికాలో హెన్రీ పార్మెలీ, ఫ్రెడరిక్ గ్రినెల్ వంటివారి స్ప్రింక్లర్లు మిల్లులకు ఎక్కిన 1870లు, 80లలో ఏ సైజు పైపు మీద ఎన్ని స్ప్రింక్లర్లు పెట్టాలన్నది ఒక్కో బీమా సంస్థ ఒక్కోలా చెప్పేది. ఒక్క బోస్టన్ చుట్టుపక్కలే తొమ్మిది రకాల నిబంధనలు నడిచేవి. ఈ గందరగోళాన్ని సరిదిద్దడానికి 1895లో బోస్టన్‌లో మొదలైన సమావేశాలే 1896లో నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ పుట్టుకకు దారితీశాయి. దాని 13వ నంబరు ప్రమాణమే నేటికీ ఈ రంగానికి ప్రధాన గ్రంథం.

ఆనాడు కుదిరిన రాజీ పైపు షెడ్యూలు. సాధారణ ప్రమాద స్థాయి భవనాలకు తర్వాతి కాలంలో స్థిరపడిన రూపంలో అంగుళం పైపు మీద రెండు స్ప్రింక్లర్లు, అంగుళంపావు మీద మూడు, అంగుళంన్నర మీద ఐదు, రెండంగుళాల మీద పది, రెండున్నర మీద ఇరవై, మూడు మీద నలభై, నాలుగు మీద వంద. ఎల్బోలు ఎన్ని ఉన్నాయన్న ప్రశ్న ఈ వరసలో ఎక్కడా రాదు. పైపు సైజుల్లోనే తగినంత ఉదారంగా ఉండి, ఆ ఉదారతలో ఫిట్టింగులను కూడా కలిపేసుకున్న పద్ధతి ఇది. 1990ల నుంచి అమెరికా ప్రమాణం దీన్ని కొత్త నిర్మాణాల్లో చాలావరకు కట్టడి చేసింది.

విచిత్రమేమిటంటే, ఫిట్టింగుల నష్టాన్ని శ్రద్ధగా కొలిచే పని పైపు షెడ్యూలు రాజ్యమేలుతున్న రోజుల్లోనే జరిగింది. ఫ్యాక్టరీ మ్యూచువల్ బీమా సంస్థల ఇంజినీరు జాన్ ఆర్. ఫ్రీమన్ 1892లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం నాషువాలో పైపుల మీద, పైపు ఫిట్టింగుల మీద విస్తారంగా ప్రయోగాలు చేశాడు. ఆ ఫలితాలను అమెరికన్ సొసైటీ ఆఫ్ మెకానికల్ ఇంజినీర్స్ పుస్తకంగా వేసేసరికి 1941 వచ్చింది. ఫ్రీమన్ 1932లోనే చనిపోయాడు.

సూత్రం, పట్టిక

తిన్నని పైపు నష్టానికి స్ప్రింక్లర్ లెక్కలు వాడేది హేజెన్–విలియమ్స్ సూత్రం. అలెన్ హేజెన్, గార్డ్‌నర్ విలియమ్స్ 1905లో దీని ఆధారంగా పట్టికల పుస్తకం ప్రచురించారు. మీటరుకు పోయే పీడనం ప్రవాహపు 1.85 ఘాతానికి అనులోమంగా, పైపు గరుకుదనాన్ని చెప్పే సి విలువ 1.85 ఘాతానికీ, లోపలి వ్యాసపు 4.87 ఘాతానికీ విలోమంగా ఉంటుంది. ప్రవాహం నిమిషానికి లీటర్లలో, వ్యాసం మిల్లీమీటర్లలో వేస్తే, ముందు 6,05,000 గుణకం పెట్టి జవాబు మీటరుకు బార్లలో వస్తుంది. నీళ్లు నిండి ఉండే వ్యవస్థలో నల్ల ఉక్కు పైపుకు సి 120. గాలి నింపి ఉంచే పొడి వ్యవస్థలో తుప్పు ఎక్కువ గనక 100. ప్లాస్టిక్, రాగి పైపులకు 150.

అమెరికా ప్రమాణంలోని ఫిట్టింగుల పట్టిక షెడ్యూల్ 40 (ఇక్కడ షెడ్యూల్ అంటే గోడ మందం తరగతి) ఉక్కు పైపు, సి విలువ 120 అన్న లెక్కతో తయారైంది. దాని ప్రకారం 25 మి.మీ. ఎల్బో 0.6 మీటర్లు, టీ 1.5 మీటర్లు. 50 మి.మీ. ఎల్బో 1.5, టీ 3. 100 మి.మీ. ఎల్బో 3, టీ 6. 150 మి.మీ. ఎల్బో 4.3, టీ 9.1. ఈ అంకెలను లోపలి వ్యాసంతో భాగించి చూస్తే ఆసక్తికరమైన సంగతి బయటపడుతుంది. కొద్ది సైజులు మినహా ఎల్బో ఎప్పుడూ వ్యాసానికి 30 రెట్ల దరిదాపుల్లో, టీ 60 రెట్ల దరిదాపుల్లో ఉంటాయి. రసాయన పరిశ్రమల ఇంజినీర్లు వాడే క్రేన్ కంపెనీ టెక్నికల్ పేపర్ 410లోనూ ఇవే 30, 60 కనిపిస్తాయి. పట్టిక పోయినా ఈ రెండు అంకెలు గుర్తుంటే చేతిలెక్క చేసుకోవచ్చు.

వంపు ఎంత మెల్లగా ఉంటే నష్టం అంత తగ్గుతుంది. 50 మి.మీ.లో పొడుగు వంపు ఎల్బోకు 0.9 మీటర్లే, 45 డిగ్రీల ఎల్బోకు 0.6 మీటర్లే. వాల్వుల్లో తేడా మరీ ఎక్కువ. 150 మి.మీ. గేట్ వాల్వు పూర్తిగా తెరిస్తే దారిలో అడ్డేమీ మిగలదు కాబట్టి 0.9 మీటర్లతో సరిపోతుంది. అదే సైజు స్వింగ్ చెక్ వాల్వు నీటితో పలకను ఎత్తించుకుంటూ 9.8 మీటర్లు లాగేస్తుంది. సీతాకోకచిలుక వాల్వుది మరో తమాషా. 100 మి.మీ. వాల్వుకు 3.7 మీటర్లు ఉంటే, అంతకన్నా పెద్దదైన 150 మి.మీ. వాల్వుకు 3 మీటర్లే. ప్రవాహం మధ్యలో నిలబడే పలక చిన్న వాల్వులో దారిని ఎక్కువ మేర కమ్మేస్తుంది.

ఒక డ్రాపు లెక్క

ఉదాహరణకు కె విలువ (ప్రవాహాన్ని పీడనపు వర్గమూలంతో భాగిస్తే వచ్చే సంఖ్య) 80 ఉన్న చివరి స్ప్రింక్లర్ నుంచి నిమిషానికి 75 లీటర్లు రావాలనుకుందాం. 75ని 80తో భాగించి వర్గం చేస్తే అక్కడ కావలసిన పీడనం 0.879 బార్. స్ప్రింక్లర్లకు నీళ్లిచ్చే బ్రాంచి లైను టీ నుంచి పక్కకు వచ్చి, ఎల్బోతో కిందికి దిగే 25 మి.మీ. పైపు పొడవు మొత్తం 0.9 మీటర్లు. 26.6 మి.మీ. లోపలి వ్యాసంతో సూత్రంలో వేస్తే మీటరుకు 0.029 బార్ నష్టం. పైపు ఒక్కదానికే అయితే 0.026 బార్. టీకి 1.5, ఎల్బోకు 0.6 కలిపితే తుల్య పొడవు 3 మీటర్లు, నష్టం 0.087 బార్. చూడటానికి జానెడు పైపు, కానీ నష్టంలో 70 శాతం ఫిట్టింగులదే. ఎత్తు తేడాను మీటరుకు 0.098 బార్ చొప్పున విడిగా చూస్తారు. దాన్ని ఇక్కడ పక్కనపెడితే టీ దగ్గర పీడనం 0.966 బార్.

ఆ బ్రాంచిలో మిగతా డ్రాపులూ ఇదే కొలతల్లో ఉంటే ప్రతిదానికీ ఇంత లెక్క మళ్లీ చేయనక్కరలేదు. 75ని 0.966 వర్గమూలంతో భాగిస్తే 76.3 వస్తుంది. స్ప్రింక్లర్, డ్రాపు, టీ కలిపి ఒక్కటే స్ప్రింక్లర్ అనుకుని దానికి 76.3 కె విలువ ఇచ్చేస్తారు. కంప్యూటరు లేని రోజుల్లో ఈ ఉపాయమే డిజైనరు చేతికి దన్ను.

బ్రాంచి లైనును దానికి నీళ్లిచ్చే క్రాస్ మెయిన్‌తో కలిపే పొట్టి నిలువు పైపు, అంటే రైజర్ నిపుల్, ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 50 మి.మీ. నిపుల్ 0.3 మీటర్ల పొడవు ఉండి, నిమిషానికి 320 లీటర్లు పోతుంటే పైపు నష్టం 0.005 బార్. కింది టీ 3 మీటర్లు చేర్చాక 0.051. పదకొండు రెట్లు.

ఏది ఎక్కడ కలపాలి

పట్టికలో అంకె వెతకడం సులువే. ఏ ఫిట్టింగును ఏ ముక్కలో, ఏ సైజుతో, ఏ ప్రవాహంతో రాయాలన్న దగ్గరే తప్పులు దొర్లుతాయి. ఇందులో మొదటి నిబంధన, నీరు తిన్నగా సాగిపోయే టీకి నష్టం రాయకూడదు. దిశ మారే నీటికే రాయాలి. బ్రాంచి లైను మీద నాలుగు టీలు వరసగా ఉంటే, బ్రాంచి వెంట పోయే నీటికి అవి లెక్కలోకి రావు, వాటి నుంచి డ్రాపులోకి దిగే నీటికి మాత్రం ఆ డ్రాపు ముక్కలో వస్తాయి.

రెండోది, స్ప్రింక్లర్ నేరుగా బిగించిన ఫిట్టింగును వదిలేయాలి. స్ప్రింక్లర్ టీ నోట్లోనే ఉంటే ఆ టీ రాయరు. అదే స్ప్రింక్లర్ ఓ చిన్న పైపు ముక్క చివర ఉంటే, ముక్క మొదట్లో ఉన్న టీ లెక్కలోకి వస్తుంది. ఈ గీత ఎక్కడ పడుతుందన్న దాని మీద డిజైనర్లకూ నక్షాలు పరిశీలించేవారికీ వాదన రాని ఆఫీసు అరుదు.

మూడోది చోటు. రైజర్ నిపుల్ అడుగున ఉన్న టీ నిపుల్ ముక్కకు చెందుతుంది, నిపుల్ నెత్తిన ఉన్న టీ బ్రాంచి లైనుకు చెందుతుంది, క్రాస్ మెయిన్‌కు నీళ్లు తెచ్చే ఫీడ్ మెయిన్ దాన్ని కలిసే చోట ఉన్నది క్రాస్ మెయిన్‌కు. గమనిస్తే సూత్రం ఒక్కటే, నీరు తిరిగి ఎందులోకి వెళుతుందో ఆ పైపు ప్రవాహం, ఆ పైపు సైజు. సైజు తగ్గించే ఎల్బోను కూడా చిన్న నోటి సైజుతోనే రాస్తారు. నిపుల్ అడుగు టీని పొరపాటున క్రాస్ మెయిన్ ముక్కలో వేస్తే, అక్కడి పెద్ద వ్యాసంలో అది దాదాపు కనుమరుగవుతుంది. కాగితం మీద కూడిక సరిగ్గానే కనిపిస్తుంది, వ్యవస్థకు కావలసిన పీడనం మాత్రం తక్కువగా తేలుతుంది.

ఐరోపా ప్రమాణం ఈఎన్ 12845 కూడా హేజెన్–విలియమ్స్‌నే వాడుతుంది, స్ప్రింక్లర్‌కు నేరుగా అమరిన ఫిట్టింగును అది కూడా వదిలేస్తుంది. మర కోసిన ఎల్బోకూ వెల్డింగు ఎల్బోకూ వేర్వేరు పొడవులు ఇవ్వడం, నీటి వేగానికి పరిమితి పెట్టడం దాని ప్రత్యేకతలు. వాల్వుల గుండా సెకనుకు 6 మీటర్లు, మిగతా చోట్ల 10 మీటర్లు దాటకూడదంటుంది. అమెరికా ప్రమాణంలో అలాంటి వేగ పరిమితి లేదు. వేగం పెరిగితే నష్టమే పెరిగి లెక్క తనంతట తాను పెద్ద పైపును అడుగుతుందన్నది అక్కడి వాదన.

పైపు మారితే

కొత్తవారిని తికమకపెట్టే భాగం ఇదే. నున్నని పైపు వాడితే ఫిట్టింగు తుల్య పొడవు పెరుగుతుంది. సి 150 అయితే పట్టిక అంకెను 1.51తో, 140 అయితే 1.33తో, 100 అయితే 0.713తో గుణించాలి. ఎల్బోలో నష్టం సుడుల వల్ల వచ్చేది, దానికి పైపు నునుపుతో సంబంధం తక్కువ. నష్టం అంతే ఉండి మీటరు పైపు తినేది తగ్గింది కాబట్టి, అదే నష్టానికి సరితూగడానికి ఎక్కువ మీటర్లు కావాలి.

వ్యాసానికీ ఇదే తర్కం. అసలు లోపలి వ్యాసాన్ని షెడ్యూల్ 40 వ్యాసంతో భాగించి 4.87 ఘాతానికి ఎక్కిస్తే గుణకం వస్తుంది. పలుచని షెడ్యూల్ 10 పైపు 50 మి.మీ. సైజులో లోపల 54.8 మి.మీ., షెడ్యూల్ 40 అయితే 52.5. గుణకం 1.23. ఎల్బో 1.5 మీటర్ల నుంచి 1.85కు చేరుతుంది. పలుచని పైపు వల్ల మీటరు నష్టం తగ్గిన లాభం మొత్తం మిగలదు, ఫిట్టింగుల భాగంలో ఆ లాభం ఉండదు.

భారతదేశంలో ఈ సవరణకు ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. ఇక్కడ స్ప్రింక్లర్లకు ఐఎస్ 15105, నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 నాలుగో భాగం ఆధారం. చాలామంది కన్సల్టెంట్లు వాటితోపాటు అమెరికా ప్రమాణం 13ను కూడా ముందు పెట్టుకుంటారు. పైపు మాత్రం ఐఎస్ 1239ది. అందులో 50 మి.మీ. బి క్లాసు గోడ మందం 3.6 మి.మీ., సి క్లాసు 4.5. బయటి వ్యాసం 60.3 అనుకుంటే లోపల 53.1, 51.3 మి.మీ. మిగులుతాయి. మొదటిదానికి గుణకం 1.06, రెండోదానికి 0.89. హైదరాబాద్‌లోనో విశాఖలోనో కొనే పైపుకు అమెరికా పట్టికను సవరించకుండా వాడితే ఫిట్టింగుల వరకు తేడా 12 శాతం లోపే. అసలు నష్టం మరోచోట ఉంది. సాఫ్ట్‌వేర్‌లో షెడ్యూల్ 40ని అలాగే వదిలేసి సైటుకు సి క్లాసు పైపు తెప్పిస్తే తిన్నని పైపు నష్టం దాదాపు 11 శాతం తక్కువగా లెక్కకొస్తుంది.

పట్టికలో దొరకనివి

అలారం వాల్వు, పొడి వ్యవస్థ వాల్వు, డెల్యూజ్ వాల్వు, స్ట్రెయినర్, వెనక్కి ప్రవాహం రాకుండా ఆపే పరికరం వంటివాటికి సాధారణ పట్టిక పనికిరాదు, తయారీదారు ఇచ్చే వివరాలే వాడాలి. గాడి కప్లింగులతో బిగించే పొట్టి వంపు ఎల్బోలకు, పైపుకు రంధ్రం చేసి బిగించే మెకానికల్ టీలకు కూడా అంతే. ఫాల్స్ సీలింగుల్లో ఇప్పుడు విరివిగా వేస్తున్న వంగే గొట్టాల సంగతి ముఖ్యంగా చూడాలి. లోపల ముడతలతో, సన్నని దారితో ఉండే ఈ గొట్టం తుల్య పొడవు దాని అసలు పొడవుకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఎన్ని వంపులు తిప్పారన్న దాన్ని బట్టి కూడా మారుతుంది. ఉక్కు డ్రాపు వేసి లెక్కగట్టిన నక్షాకు సైటులో పని సులువని వంగే గొట్టం బిగిస్తే ఆ లెక్క చెల్లదు.

పద్ధతి హద్దులు

ఫిట్టింగు నష్టం నిజానికి ప్రవాహపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, హేజెన్–విలియమ్స్ పైపు నష్టం 1.85 ఘాతాన్ని బట్టి. కాబట్టి తుల్య పొడవు ఏ ప్రవాహంలోనైనా ఒక్కటే ఉండదు. ప్రవాహం రెట్టింపైతే దాదాపు 11 శాతం పెరగాలి. పట్టిక దీన్ని పట్టించుకోదు. హేజెన్–విలియమ్స్ కూడా మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఉన్న నీటికే సరిపోతుంది. గడ్డకట్టకుండా రసాయనం కలిపిన పెద్ద వ్యవస్థలకూ, సన్నని తుంపరతో మంటలార్పే వ్యవస్థలకూ డార్సీ–వైస్‌బాక్ సూత్రం వాడతారు. రసాయన ఇంజినీర్లు ఇంకా ముందుకు వెళ్లారు. విలియమ్ హూపర్ 1981లో ప్రవాహ వేగాన్నీ ఫిట్టింగు సైజునూ రెండు గుణకాలతో పట్టుకునే పద్ధతి ఇచ్చాడు. స్ప్రింక్లర్ రంగం దాని వైపు మళ్లలేదు. అది తప్పు నిర్ణయమని చెప్పలేం. ఐదారు శాతం కచ్చితత్వం కోసం వెతకాల్సిన చోటు పట్టిక కాదు, నక్షా.

ఎందుకంటే నక్షాలో తిన్నగా గీసిన క్రాస్ మెయిన్‌కు సైటులో ఏసీ డక్టు అడ్డొస్తుంది. పైపు పైకెక్కి, డక్టు దాటి, మళ్లీ కిందికి దిగాలంటే నాలుగు ఎల్బోలు పడతాయి. ఎక్కిన ఎత్తు దిగినప్పుడు చెల్లిపోతుంది కాబట్టి ఎత్తు లెక్కలో తేడా కనిపించదు, ఫిట్టింగుల లెక్క మాత్రం మారిపోతుంది. నిమిషానికి 1000 లీటర్లు పోతున్న 65 మి.మీ. పైపులో మీటరుకు నష్టం 0.054 బార్. ఒక్కో ఎల్బో 1.8 మీటర్ల చొప్పున నాలుగింటికి 7.2 మీటర్లు, అంటే 0.39 బార్. పైన లెక్కగట్టిన చివరి స్ప్రింక్లర్‌కు కావలసిన పీడనంలో ఇది సగానికి కాస్త తక్కువ. పంపు సామర్థ్యానికీ అవసరానికీ మధ్య చాలా చోట్ల అడిగే మార్జిన్ 5 పీఎస్ఐ, అంటే 0.34 బార్. డక్టు దాటడంతోనే అది అయిపోయి ఇంకా 0.05 బార్ లోటు మిగులుతుంది.